కొత్త ల్యాప్‌టాప్, కనిపించని వైఫై: పంద్రాగస్టు నుంచి రాఖీ దాకా

ఆగస్టు 15, 2024, గురువారం, రాత్రి పదకొండున్నర

మా చిన్నాన్న కూతురికి ఇంజినీరింగ్ సీటు వచ్చింది, సీఎస్ఈలో. ల్యాప్‌టాప్ కొనే పని నా నెత్తిన పడింది. మా బంధువర్గంలో కంప్యూటర్ అంటే నేనే. ప్రింటర్ నుంచి టీవీ రిమోట్ దాకా ఏది ఆగినా ఫోన్ నాకే వస్తుంది. చిన్నాన్న చెప్పిన బడ్జెట్‌లో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది ఒకటి దొరికింది. నిన్న సాయంత్రం డెలివరీ అయింది. సోమవారం రాఖీ కట్టడానికి వస్తుంది కదా, అప్పుడు తీసుకెళ్తుంది.

"అన్నయ్యా, లినక్స్ కూడా వేసిపెట్టు. మా సీనియర్లు ల్యాబ్‌లో డెబియన్ ఉంటుందన్నారు" అని మెసేజ్ పెట్టింది. లినక్స్ అంటే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, డెబియన్ అందులో ఒక రకం. అదెంత పని అనుకున్నాను.

పొద్దున్నే పెట్టె విప్పి ఆన్ చేశాను. విండోస్ 11 సెటప్ ఇంటర్నెట్ ఇవ్వందే ముందుకు కదల్లేదు, వైఫై పాస్‌వర్డ్ కొట్టాను. అప్‌డేట్లు దిగాయి. ఆన్ కాగానే యంత్రాన్ని లేపే బయోస్‌కు కొత్త వెర్షన్ ఉంటే అదీ అక్కడే ఎక్కించాను. ఆ తర్వాత డిస్క్ మొత్తం తుడిచేసి పెన్ డ్రైవ్ నుంచి డెబియన్ 12 వేశాను. మధ్యలో ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ కార్డు ఏదీ కనిపించలేదని చెప్పింది. సరేలే, తర్వాత చూద్దాం అని ముందుకు నొక్కేశాను. ఇరవై నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చింది. పై మూలన వైఫై గుర్తు లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే వైఫై అడాప్టర్ దొరకలేదని ఒక్క వాక్యం.

మధ్యాహ్నం నుంచి చేసినవి ఇవీ: మూడుసార్లు రీస్టార్ట్. ఏరోప్లేన్ బొమ్మ ఉన్న మీట ఓ పదిసార్లు. బయోస్‌లో వైర్‌లెస్ ఆఫ్ అయిందేమోనని చూశాను, అలాంటి ఆప్షనే లేదు. ఏ రేడియో ఆగి ఉందో చూపే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే బ్లూటూత్ వరస ఒక్కటే వచ్చింది, సాఫ్ట్ బ్లాక్ నో, హార్డ్ బ్లాక్ నో. అయినా అన్‌బ్లాక్ ఆల్ కొట్టాను. ఏమీ కాలేదు. (కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాసుకుంటున్నాను, నాకు అర్థమైతే చాలు.) బ్లూటూత్ మౌస్ మాత్రం చక్కగా కలిసింది, బాణం గుర్తు నూనె మీద జారినట్టు పోతోంది.

ఇంకో సంగతి. మధ్యాహ్నం మావాడు ఛార్జర్ వైరు కాళ్లకు చుట్టుకుని పరిగెత్తితే ల్యాప్‌టాప్ దివాన్ మీంచి జారి పరుపు మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ లోపల కార్డు వదులైందేమోనన్న అనుమానం అప్పటినుంచి పట్టుకుంది.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. సెలవు పెట్టాను. సాయంత్రం ఇంటినిండా పేరంటాళ్లు. నేను బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పాను.

అడుగున పది స్క్రూలు. వెనక వరసలోవి పొడుగు, ముందువి పొట్టి. వాటిని ఏ వరుసలో తీశానో అదే వరుసలో పెట్టుకోవడానికి చేతికందిన చిన్న ఇత్తడి గిన్నె తీసుకున్నాను. పాత సిమ్ కార్డు ఫ్రేము అంచున దూర్చి చుట్టూ లాగితే టకటకమంటూ మూత ఊడింది. ముందు బ్యాటరీ కనెక్టర్ లాగేశాను. ఇది ఎప్పుడూ మొదటి పని. లోపల ఏ స్క్రూ జారి ఎక్కడ పడుతుందో చెప్పలేం, బోర్డులో కరెంటు ఉండగా పడితే ఇక అంతే.

వైఫై కార్డు ఫ్యాన్ పక్కన ఉంది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడుగు, అందుకే దాన్ని ఎం డాట్ టూ 2230 అంటారు. బొటనవేలి కొసంత. బోర్డుకు అతికించిన రకం కాకపోవడం అదృష్టం. కొన్ని పల్చటి మోడళ్లలో చిప్‌ను బోర్డు మీదే టంకం వేసేస్తున్నారు, అది పోతే మార్చే దారే ఉండదు. కార్డు నెత్తిన నలుపు వైరు ఒకటి, బూడిద రంగు వైరు ఒకటి. రెండూ స్క్రీన్ అంచులోని యాంటెన్నాలకు వెళ్తాయి. రెంటినీ గోటితో లేపి, ఒక స్క్రూ తీసి, కార్డు బయటికి లాగాను.

ఇక మన దేశంలో కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడూ చేసే పనే నేనూ చేశాను. రబ్బరు తీసుకుని బంగారు రంగు కాళ్లను రుద్దాను. ర్యామ్‌కు పనిచేసిన వైద్యం దీనికెందుకు పనిచేయదు?

మళ్లీ బిగిస్తుండగా తలుపు తెరుచుకుంది.

"ఏమండీ, వాయనానికి పసుపు కుంకుమ గిన్నె కనిపించట్లేదు... అయ్యో, అందులో ఆ మేకులేంటి?"

"మేకులు కావు, స్క్రూలు. ఒక్క ఐదు నిమిషాలాగు."

"బయట తొమ్మిది మంది కూర్చున్నారు. మీ ఐదు నిమిషాలు నాకు తెలుసు."

స్క్రూలు దుప్పటి మీదికి వచ్చాయి, గిన్నె వెళ్లిపోయింది. ఆ తొందరలో వైర్లు నొక్కి, మూత వేసి, దొరికినవి దొరికినట్టు బిగించాను. ఆన్ చేస్తే నిన్నటి కథే. వైఫై లేదు.

ఆగస్టు 17, శనివారం

పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చేశాను, కార్డు పోయింది. కొత్త వస్తువే, కంపెనీవాళ్లకు ఫోన్ చేయొచ్చు. చేస్తే మనిషిని పంపేసరికి సోమవారం దాటిపోతుంది. పైగా నిన్న మూత విప్పింది నేనే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి సీటీసీకి నడిచాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్ సందుల్లో దొరకని ల్యాప్‌టాప్ విడిభాగం అరుదు.

మూడో దుకాణంలో ఒకతను డబ్బాలోంచి పాత కార్డులు గుప్పెడు తీసి గాజు బల్ల మీద పోశాడు.

"ఏ ప్రాసెసర్ అన్నా మీది? ఇంటెలా, ఏఎండీనా?"

"ప్రాసెసర్‌తో ఏం పని భయ్యా? లినక్స్‌లో మంచిగా నడిచే ఇంటెల్ వైఫై కార్డు ఇవ్వు చాలు."

అతను ఇంకేదో చెప్పబోయాడు. అప్పటికే ఒక కార్డు నా చేతిలో ఉంది, ఇంటెల్ ఏఎక్స్201. వైఫై 6. ఏడువందలు. తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మళ్లీ స్క్రూలు, మళ్లీ మూత. కార్డు సాకెట్‌లో సరిగ్గా కూర్చుంది, ఆ గాటు కూడా అదే. ఆన్ చేస్తే వైఫై లేదు. ఈసారి బ్లూటూత్ కూడా పోయింది. బోర్డుకు తగిలించిన పరికరాలను చూపే ఎల్ఎస్‌పీసీఐ జాబితాలో కార్డు జాడే లేదు.

దుకాణంలో అతను అడిగిన ప్రశ్న మెట్రోలో తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఇప్పుడొచ్చింది. కూర్చుని చదివితే తేలిందిదీ: ఏఎక్స్201 పూర్తి వైఫై కార్డు కాదు. సీఎన్‌వీఐ అనే పద్ధతిలో వైఫై పనిలో సగం, అంటే లెక్కలు కట్టే భాగం, ఇంటెల్ ప్రాసెసర్ లేదా చిప్‌సెట్ లోపలే ఉంటుంది. కార్డు మీద మిగిలేది రేడియో భాగమే. ఆ మొదటి సగం లేని ఏఎండీ బోర్డులో అది ఇత్తడి ముక్కతో సమానం. ఏఎక్స్200, ఏఎక్స్210 అయితే మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు, ఏఎండీలోనూ నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 నడవవు. ఒక్క అంకె తేడా. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, సాకెట్‌లో దూరతాయి కూడా.

పాత కార్డే మళ్లీ పెట్టాను. ఈ రెండు రోజుల్లో ఆ మూత తీయడం, వేయడం ఇంత తేలికైపోయిందంటే చూడకుండా చేస్తున్నాను. బ్లూటూత్ తిరిగొచ్చింది. మౌస్ మాత్రం ఎందుకో ఆగి ఆగి కదులుతోంది. సెల్ అయిపోయిందేమో, మార్చాలి.

ఆగస్టు 18, ఆదివారం

ఈ రోజు చేతులు కట్టుకుని కూర్చుని చదవాలని ఒట్టు పెట్టుకున్నాను. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి బీరువా మీద పెట్టేశాను.

ముందు గురువారం రాసుకున్నది చదివాను. రెండు వాక్యాలు కళ్లలో గుచ్చుకున్నాయి. ఒకటి, పొద్దున విండోస్‌లో వైఫై పాస్‌వర్డ్ కొట్టాను, అప్‌డేట్లు దిగాయి. అంటే కార్డు నిక్షేపంగా ఉంది. రెండోది, బ్లూటూత్ మౌస్ కలిసింది. వైఫై, బ్లూటూత్ రెండూ ఉండేది ఆ ఒక్క కార్డు మీదే. ఆ సాకెట్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ గీతలూ ఉంటాయి, యూఎస్‌బీ గీతలూ ఉంటాయి. వైఫై మొదటిదాని మీదుగా మాట్లాడుతుంది, బ్లూటూత్ రెండోదాని మీదుగా. బ్లూటూత్ బతికి ఉందంటే కార్డుకు కరెంటు అందుతోంది, సాకెట్‌లో కూర్చుని ఉంది. రబ్బరుతో రుద్దడం, సీటీసీ ప్రయాణం, ఏడువందలు, అన్నీ ఈ రెండు వాక్యాలు రాసింతర్వాత చేసిన పనులే.

ఎల్ఎస్‌పీసీఐ, మైనస్ ఎన్ఎన్‌కే. నెట్‌వర్క్ కంట్రోలర్ దగ్గర రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ, పక్కనే 10ఈసీ:బీ852 అన్న గుర్తింపు సంఖ్య. మామూలుగా దాని కింద వాడుకలో ఉన్న కర్నెల్ డ్రైవర్ ఫలానా అని ఒక వరస ఉంటుంది. (కర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ, డ్రైవర్ అంటే కార్డును నడిపే ప్రోగ్రామ్.) ఇక్కడ ఆ వరసే లేదు. కర్నెల్ రాసుకునే డైరీ లాంటి డీమెసేజ్‌లో వెతికితే ఎర్రర్ కూడా లేదు, పూర్తి నిశ్శబ్దం.

ఈ నిశ్శబ్దానికి అర్థం ఉంది. ప్రతి డ్రైవర్ మాడ్యూల్ తన దగ్గర ఒక జాబితా పెట్టుకుంటుంది, నేను ఫలానా ఫలానా సంఖ్యల కార్డుల్ని చూసుకుంటాను అని. బూట్ అయ్యేటప్పుడు కార్డు తన సంఖ్య చెబుతుంది, ఆ సంఖ్య ఏ జాబితాలో ఉంటే ఆ మాడ్యూల్ లోడ్ అవుతుంది. ఏ జాబితాలోనూ లేకపోతే ఎవరూ ఏమీ అనరు. మొన్న మే నెలలో పోలింగ్ బూత్ దగ్గర మా వీధి పెద్దాయన పరిస్థితి ఇదే. మనిషి ఎదురుగా ఉన్నాడు, కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు.

కర్నెల్ వెర్షన్ చెప్పే యూనేమ్ మైనస్ ఆర్ కొడితే 6.1. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, దానితో వచ్చే కర్నెల్ 6.1. ఈ 8852బీఈ చిప్‌కు మద్దతు అసలు కర్నెల్‌లో చేరింది 6.2లో. ఒక్క మెట్టు తేడా! ఆర్‌టీడబ్ల్యూ89 అనే ఆ డ్రైవర్ కుటుంబం 6.1లోనూ ఉంది. దానికి ఈ చిప్ అన్నదమ్ములు 8852ఏఈ, 8852సీఈ తెలుసు, ఇది ఒక్కటే తెలియదు. డెబియన్ స్టేబుల్ పద్ధతే అంత, ఒకసారి విడుదలైతే కర్నెల్ వెర్షన్ మార్చరు, భద్రత మరమ్మతులు, ముఖ్యమైన లోపాల దిద్దుబాట్లు మాత్రమే చేస్తారు. సర్వర్‌కు అది వరం. కొత్త ల్యాప్‌టాప్‌లో వేసేముందు ఇవన్నీ చూసుకోవాల్సింది వేసేవాడే, అంటే నేనే.

ఇప్పుడు ఇంటర్నెట్ కావాలి. ల్యాప్‌టాప్‌కు లాన్ పోర్ట్ లేదు. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. వెంటనే వైర్డ్ కనెక్షన్ అని వచ్చేసింది, ఏ డ్రైవరూ అడగలేదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉండగా టెథరింగ్ పెడితే ఆ వైఫైనే పంచుతుంది కాబట్టి మొబైల్ డేటా ఖర్చు కూడా లేదు. మూడు రోజుల క్రితం ఈ కేబుల్ పెట్టి ఉంటే! సరే.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, డ్రైవర్ సోర్సు కోడ్ విడిగా తెచ్చుకుని డీకేఎంఎస్ అనే పనిముట్టుతో మన కర్నెల్‌కు కట్టుకోవడం. రెండోది, కర్నెల్‌నే కొత్తది వేసుకోవడం. మొదటిదే ఎంచుకున్నాను. కంపైల్ చేయడమంటే ఏదో పెద్ద పని చేసిన తృప్తి మరి.

ఆ సోర్సు ఉన్నది ల్యారీ ఫింగర్ పేజీలో. లినక్స్‌లో వైర్‌లెస్ గోల పడినవాళ్లందరూ ఏదో ఒకరోజు ఆయన తలుపు తట్టినవాళ్లే. బ్రాడ్‌కామ్ చిప్‌లకు బీ43 డ్రైవర్ వచ్చిన రోజుల నుంచి, ఆ తర్వాత రియల్‌టెక్ డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పాత కర్నెల్ ఉన్నవాళ్ల కోసం కొత్త డ్రైవర్లను తన పేజీలో విడిగా సర్ది పెట్టేవారు. వెతుకుతుంటేనే తెలిసింది, మొన్న జూన్‌లో ఆయన చనిపోయారు. నాలాంటి వాళ్లు అడిగిన ప్రశ్నలు, వాటికి ఆయన ఇచ్చిన జవాబులు వరసగా ఉన్నాయి. కాసేపు డ్రైవర్ సంగతి పక్కన పెట్టి అవే చదువుతూ కూర్చున్నాను.

కంపైల్ చేసే మేక్ కొడితే కర్నెల్ హెడర్లు, అంటే డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు, లేవంది. అవి వేయబోతే ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ పెన్ డ్రైవ్ పెట్టమంది. నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేశాను కదా, ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్ట్‌లో పెన్ డ్రైవ్ వరస తప్ప ఏదీ లేదు. డెబియన్ సర్వర్ల వరసలు చేత్తో రాశాను. హెడర్లు వచ్చాయి, డ్రైవర్ కట్టింది. కర్నెల్‌లో ఉన్నదానితో గొడవ రాకూడదని ఎక్కడో చదివి, మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఆర్‌టీడబ్ల్యూ89 మాడ్యూళ్ల పేర్లతో ఒక బ్లాక్‌లిస్ట్ ఫైలు రాసిపెట్టాను. మాడ్యూల్‌ను లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ కొట్టాను.

కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్.

సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే కర్నెల్ సంతకం లేని మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు. ఇంట్లో కట్టుకున్న దానికి డెబియన్ సంతకం ఎక్కడినుంచి వస్తుంది? నా సొంత తాళం తయారుచేసి, మోక్‌యుటిల్‌తో దరఖాస్తు పెట్టి, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో పాస్‌వర్డ్ కొట్టి దాన్ని నమోదు చేయించవచ్చు. లేదా బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయొచ్చు. నా మెషీన్ అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇది హాస్టల్‌కు వెళ్లే పిల్లది. కర్నెల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ డ్రైవర్ మళ్లీ కట్టాలి, ఒకసారి కట్టకపోతే పరీక్షల ముందు రోజు రాత్రి నాకు ఫోన్ వస్తుంది. మొత్తం తీసేశాను.

రెండో దారి అరగంటలో అయిపోయింది. సోర్సెస్ లిస్ట్‌లో బుక్‌వార్మ్ బ్యాక్‌పోర్ట్స్ వరస చేర్చి, మెయిన్ పక్కన నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ కూడా రాసి, కర్నెల్‌నూ రియల్‌టెక్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీనీ అక్కడినుంచి తెప్పించాను. బ్యాక్‌పోర్ట్స్ అంటే రాబోయే డెబియన్ కోసం తయారైన ప్యాకేజీలను ఇప్పటి స్టేబుల్‌కు సరిపడేలా మళ్లీ కట్టి ఇవ్వడం. వాళ్లు కట్టిన కర్నెల్‌కు సంతకం ఉంటుంది, సెక్యూర్ బూట్ అడ్డు చెప్పదు. ఫర్మ్‌వేర్ ఎందుకంటే, డ్రైవర్ లేచిన ప్రతిసారీ చిప్‌లోకి ఒక చిన్న ప్రోగ్రామ్ పోయాలి. అది కంపెనీ ఇచ్చే మూసిన ఫైలు, సోర్సు ఉండదు. ఇదివరకు డెబియన్ వీటిని తన అధికారిక డిస్క్‌లో పెట్టేదే కాదు. 2022లో డెవలపర్లు ఓటు వేసుకుని పెట్టొచ్చని తేల్చుకున్నాక, 12వ వెర్షన్ నుంచి డిస్క్‌లోనే వస్తున్నాయి.

రీస్టార్ట్. యూనేమ్‌లో 6.2ను ఎప్పుడో దాటిన కర్నెల్ కనిపిస్తోంది. వైఫై గుర్తు లేదు!

అప్పటికి రాత్రి పది. తల పట్టుకున్నాను. స్క్రూడ్రైవర్ కోసం బీరువా వైపు చూసిన మాట నిజం. మళ్లీ ఎల్ఎస్‌పీసీఐ కొట్టాను. ఈసారి ఒక వరస కొత్తగా ఉంది, కర్నెల్ మాడ్యూల్స్ అని, ఎదురుగా ఆర్‌టీడబ్ల్యూ89_8852బీఈ. వాడుకలో ఉన్న డ్రైవర్ వరస మాత్రం ఇంకా లేదు. అంటే జాబితాలో పేరు ఎక్కింది, ఎవరో లోపలికి పంపట్లేదు. మాడ్‌ప్రోబ్‌తో చేత్తో లోడ్ చేస్తే ఒక్క క్షణంలో డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ వెర్షన్ వరస పడింది, పై మూలన వైఫై గుర్తు విచ్చుకుంది.

చేత్తో పిలిస్తే వస్తుంది, తనంతట తాను రాదు. బ్లాక్‌లిస్ట్ చేసే పని సరిగ్గా అదే. సాయంత్రం నేను రాసిన ఫైలు ఇంకా అక్కడే ఉంది. డీకేఎంఎస్ సరంజామా అంతా తీసేశాను, దాన్ని మరిచిపోయాను. ఫైలు తీసేసి, బూట్ మొదట్లో వాడుకునే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ కూడా ఒకసారి అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర మీదే వైఫై కలిసి ఉంది.

రౌటర్ ఉన్న హాల్లోనే కూర్చుని యూట్యూబ్‌లో ఒక పాట పెట్టాను. ఆగకుండా వచ్చింది. పడుకుంటున్నాను.

ఆగస్టు 19, సోమవారం, రాఖీ పౌర్ణమి

భద్ర ఉందని మధ్యాహ్నం ఒకటిన్నర దాకా రాఖీ కట్టకూడదన్నారు. చెల్లి పదకొండింటికే వచ్చేసింది. రాగానే ల్యాప్‌టాప్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. పది నిమిషాలకు కేక వినిపించింది.

"అన్నయ్యా, ఇది ఊరికే కట్ అవుతోంది."

"కాదమ్మా, రాత్రి బ్రహ్మాండంగా ఉంది."

"ఎక్కడ కూర్చుని చూశావు?"

"హాల్లో."

"రౌటర్ పక్కన కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. నా ఫోన్‌కు ఇక్కడ మూడు గీతలున్నాయి. దీనికి ఒకటి."

ఇద్దరం కూర్చున్నాం. మొదట రేడియో నియమాల మీద అనుమానపడ్డాను. ఐడబ్ల్యూ రెజ్ గెట్ కొడితే దేశం 00 అని వచ్చింది, ఏ దేశమో తెలియనప్పుడు పాటించే కనీస నియమాలు అవి. ఇండియాకు మార్చాం, తేడా లేదు. పవర్ సేవ్ ఆపాం, తేడా లేదు. తర్వాత ఐడబ్ల్యూ లింక్ చూస్తూ తను ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వెనక గదిలో మైనస్ 78 డీబీఎం (సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది). హాల్లో రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో మైనస్ 57. నా పాత ల్యాప్‌టాప్ అదే చోట మైనస్ 40 దగ్గర చూపిస్తోంది.

"అన్నయ్యా, ఈ 433.3 ఏంటి? ఎక్కడ కూర్చున్నా దీన్ని దాటట్లేదు. పక్కన వీహెచ్‌టీ ఎన్ఎస్ఎస్ 1 అనుంది."

మా రౌటర్ వైఫై 5ది, రెండు యాంటెన్నాలు. 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఒక ధారకు గరిష్ఠంగా 433.3 మెగాబిట్లు, రెండు ధారలైతే 866.7. ఎన్ఎస్ఎస్ అంటే ఆ ధారల సంఖ్య. రెండు చెవులున్న కార్డు ఒక్క చెవితోనే వింటోంది.

"ఈ మౌస్ కూడా ఎగిరెగిరి పడుతోంది" అంది, పక్కనున్న బ్లూటూత్ మౌస్ కదిపి చూస్తూ.

అప్పుడు వెలిగింది. సెల్ నిన్ననే మార్చాను, అయినా బాగుపడలేదు. చాలా కార్డుల్లో బ్లూటూత్‌కు సొంత యాంటెన్నా ఉండదు, వైఫైకి ఉన్న రెంటిలో ఒకదాన్ని పంచుకుంటుంది. గురువారం నూనె మీద జారినట్టు పోయిన మౌస్, నేను మూత విప్పాకే నత్తిగా మారింది. శుక్రవారం పేరంటాళ్ల తొందరలో నలుపు వైరు నొక్కినప్పుడు టిక్కుమన్న శబ్దం గుర్తుంది. బూడిద రంగుది నొక్కినట్టు గుర్తుంది. టిక్కుమన్నట్టు గుర్తులేదు. శనివారం మరీ అన్యాయం, చూడకుండా పెట్టేశాను.

బీరువా మీంచి స్క్రూడ్రైవర్ దిగింది. మూత తీయగానే కనిపించింది. బూడిద వైరు కొస కార్డు మీద ఉన్న గుబ్బ పక్కన వాలి ఉంది, పైన నల్ల టేపు ఉండబట్టి ఊడి పడిపోలేదంతే. ఆ కనెక్టర్ ఆవగింజంత ఉంటుంది, జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ లాంటిదే. పైనుంచి నిటారుగా నొక్కాలి. కాస్త పక్కకు ఒరిగినా కూర్చున్నట్టే కనిపిస్తుంది, కూర్చోదు. బలవంతంగా నొక్కితే లోపలి సన్న సూది వంగిపోతుంది. నా బొటనవేలు దానికంటే పదింతలుంది. చెల్లి నన్ను పక్కకు జరిపి, ఫోన్ లైటు పెట్టమని, వైరు కొసను గుబ్బ మీద మధ్యకు తెచ్చి గోటితో మెల్లగా నొక్కింది.

టిక్.

మూత వేయకుండానే బ్యాటరీ పెట్టి ఆన్ చేసి చూశాం. హాల్లో మైనస్ 41. వెనక గదిలో మైనస్ 59. ఎన్ఎస్ఎస్ 2, 866.7. మౌస్ జారుతోంది. తన ఫోన్‌కూ దీనికీ గీతలు సమానం.

రెండింటికి రాఖీ కట్టింది. చిన్నాన్నకు వీడియో కాల్ కొత్త ల్యాప్‌టాప్ నుంచే చేశాం, వెనక గదిలోంచి.

ఆగస్టు 21, బుధవారం

నిన్న సాయంత్రం సీటీసీకి వెళ్లాను. దుకాణంలో అతను ఏఎక్స్201ను అటూ ఇటూ తిప్పి చూసి, నా ముఖం చూసి, "ఏఎండీనే కదా అన్నా?" అన్నాడు. నవ్వలేదు, అది అతని మంచితనం. ఆరువందలకు వెనక్కి తీసుకున్నాడు. ఆ డబ్బుతో అక్కడే ఒక యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొన్నాను. చెల్లి బ్యాగులో ఉంటే మంచిది.

మిగిలిన పనులు: ఫింగర్‌ప్రింట్ రీడర్ ఇంకా పలకడం లేదు. దాని సంఖ్య ఎల్ఎస్‌యూఎస్‌బీలో చూసి రాసుకున్నాను, లినక్స్‌లో వేలిముద్రల పని చూసే ఎఫ్‌ప్రింట్ జాబితాతో పోల్చి చూడాలి. స్లీప్‌లోంచి లేచాక వైఫై కలవడానికి నాలుగైదు సెకన్లు పడుతోంది, అది పెద్ద సంగతేం కాదు.

రాత్రి హాస్టల్ నుంచి ఫోన్. అక్కడ వైఫైకి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడుగుతాయట, పైన సర్టిఫికెట్ ఒకటి. పీఈఏపీ, ఎంఎస్‌చాప్ వెర్షన్ 2 అని నేను మొదలుపెట్టేలోపే తను అందుకుంది.

"అదంతా పెట్టేసుకున్నా అన్నయ్యా, నడుస్తోంది. ఫోన్ అందుకు చేయలేదు. వెనక మూతకు తొమ్మిది స్క్రూలే ఉన్నాయి. పదోది ఏది?"

వదినను అడుగుతానని చెప్పాను.